వాన చుక్క పడని డబ్బాలో రెండు చెంచాల నీళ్లు: బోర్డు మూడోసారి పోయింది

నీటితొట్టి | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేడ మీది ట్యాంకు నిండగానే మోటారు ఆపడానికి నేను కట్టుకున్న బోర్డు ఒకటి ఉంది. ప్రోగ్రాము నడిపే చిన్న మైక్రోకంట్రోలర్ చిప్పు, మోటారును ఆన్, ఆఫ్ చేసే ఒక రిలే, 5 వోల్టుల సప్లై, నీటి మట్టం కనిపెట్టడానికి ట్యాంకులోకి దిగే మూడు స్టీలు కడ్డీలు. అంతకు మించి ఏమీ లేదు. పనితనానికి వంక పెట్టలేను, ఎటొచ్చీ బతకడం లేదు. ఏడాదిలో ఇది మూడో చావు.

మొదటిసారి ఏ పూతా వేయలేదు. అది నా తప్పే. రెండోసారి ఎవరో చెప్పారని రంగులేని గోళ్ల రంగు రెండు పూతలు వేశాను. నాలుగు నెలలు నడిచింది. మూడోసారి మళ్లీ గోళ్ల రంగే వేసి, దుమ్ము, నీరు దూరవని చెప్పే ఐపీ65 ముద్ర ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత చుట్టూ, తీగలు దూరే కన్నాల చుట్టూ సిలికాన్ పట్టించాను. ఇక చీమ కూడా దూరలేదనుకున్నాను.

నిన్న మోటారు ఆగలేదు, ట్యాంకు పొంగింది. డబ్బా విప్పి వంచితే రెండు చెంచాల నీళ్లు కారాయి. స్క్రూ టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము. మైక్రోకంట్రోలర్ కాళ్ల మధ్య నల్లగా, నాచు పాకినట్టు ఏదో. గోళ్ల రంగు కింద తెల్లటి పొక్కులు. పైన చూస్తే మూత చెక్కుచెదరలేదు, సిలికాన్ ఎక్కడా ఊడలేదు. మరి నీళ్లు ఎటు నుంచి వచ్చాయి?

చకచకా | సోమవారం, రాత్రి 9:52

దీనికి ఇంత ఆలోచన ఎందుకండీ. ఎపాక్సీ కలిపి డబ్బా నిండా పోసేయండి. గట్టిపడ్డాక అది రాయి. రాయికి తడి ఏమిటి?

టంకంవాసన | సోమవారం, రాత్రి 10:15

ఎపాక్సీ డబ్బా మూత ఇప్పుడే తీయకండి. కారణం తెలియకుండా పోస్తే నాలుగో బోర్డు పోయినప్పుడు విప్పి చూసే వీలు కూడా ఉండదు. ముందు ఇవి చెప్పండి:

తీగలు డబ్బాలోకి ఏ వైపు నుంచి వస్తున్నాయి? డబ్బాకు ఎండ తగులుతుందా? పూత వేసే ముందు బోర్డు కడిగారా? మీరు వాడిన సిలికాన్ ఆరేటప్పుడు పులుపు వాసన, అంటే వెనిగర్ లాంటిది వచ్చిందా?

నీటితొట్టి | మంగళవారం, ఉదయం 7:05

డబ్బాను గోడకు నిలువుగా బిగించాను. కరెంటు తీగ, మోటారు తీగ కింది నుంచి వస్తాయి. కడ్డీల నుంచి వచ్చే మూడు తీగల కేబుల్ మాత్రం పై నుంచి వస్తుంది, ఎందుకంటే ట్యాంకు డబ్బా కన్నా ఎత్తులో ఉంది. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా ఎండే. బోర్డు కడగలేదు. టంకం పట్టేలా పూసే ఫ్లక్స్ కడగనక్కర్లేనిదని సీసా మీదే ఉంది కదా. సిలికాన్ వాసన అడగకండి, రెండు రోజులు ముక్కు మండింది.

టంకంవాసన | మంగళవారం, ఉదయం 8:30

నాలుగు ప్రశ్నలకూ మీరు తప్పు జవాబే చెప్పారు. బాధపడకండి, ఈ చర్చలో సగం మందిమి ఆ నాలుగూ చేసినవాళ్లమే.

మూసిన డబ్బా ఊపిరి పీలుస్తుంది. ఎండలో లోపలి గాలి 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. వ్యాకోచించి ఏ సందు దొరికితే ఆ సందులోంచి బయటకు పోతుంది. సాయంత్రం ఒక్కసారిగా వాన పడి 25 డిగ్రీలకు చల్లబడితే లోపలి ఒత్తిడి పదో వంతు తగ్గుతుంది. పదో వంతే కదా అనిపిస్తుంది. కానీ అది ఒక మీటరు ఎత్తు నీటి ఒత్తిడికి సమానం. అంటే వాన కురుస్తున్న సమయంలోనే మీ డబ్బా మీటరు లోతు నీళ్లలో మునిగినట్టు లోపలికి గుంజుతుంది. వెంట్రుకంత సందు చాలు. పైగా తేమ గాలి లోపలికి వచ్చి, రాత్రి చల్లబడి, మూత లోపలి వైపున చెమరుస్తుంది. ఆ చెమట రోజూ కాస్త కాస్త చేరి మీ రెండు చెంచాలు అయి ఉంటుంది.

మిల్లీవోల్టు | మంగళవారం, ఉదయం 9:10

> ఆ చెమట రోజూ కాస్త కాస్త చేరి మీ రెండు చెంచాలు అయి ఉంటుంది

ఈ చివరి మాట దగ్గర ఆగుదాం. 30 డిగ్రీల దగ్గర గాలి పూర్తిగా తేమతో నిండినా లీటరుకు 30 మిల్లీగ్రాముల నీరే ఉంటుంది. డబ్బా రెండు లీటర్లు అనుకుందాం. రోజుకు పదో వంతు గాలి మారితే, అందులోని తేమ అంతా లోపలే మిగిలిపోయినా రోజుకు 6 మిల్లీగ్రాములు. రెండు చెంచాలంటే దాదాపు 10 గ్రాములు. 1,600 రోజులు పైగా పడుతుంది. ఆయన డబ్బా ఏడాది కూడా లేదు.

ఒత్తిడి లెక్క నిజమే. చెమర్చడమూ నిజమే, బోర్డును చంపడానికి అదే చాలు కూడా. కానీ రెండు చెంచాలు ఆవిరిగా రాలేదు. నీరు నీరుగానే వచ్చింది.

టంకంవాసన | మంగళవారం, ఉదయం 9:24

ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్లుగా అందరికీ ఆ చెమట కథే చెబుతున్నాను, ఒక్కసారీ గుణించి చూడలేదు.

కొత్తచిగురు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను విద్యార్థిని, తెలియక అడుగుతున్నాను. ఐపీ65 బదులు ఐపీ67 డబ్బా కొంటే సరిపోయేదా? అలాగే లోపల సిలికా జెల్ పొట్లం వేస్తే?

మిల్లీవోల్టు | మంగళవారం, మధ్యాహ్నం 2:00

ఐపీ అంకెలు ఐఈసీ 60529 అనే ప్రమాణంలోవి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 5 అంటే పైపుతో చిమ్మే నీటిని ఆపుతుంది. 7 అంటే మీటరు లోతులో 30 నిమిషాలు మునిగినా హాని లేదు. చాలామందికి తెలియని సంగతి, 7 ఉన్నంత మాత్రాన 5 ఉన్నట్టు కాదు. మునకకు నిలిచినది చిమ్మే నీటికి నిలవకపోవచ్చు. అందుకే రెండూ ఉన్న డబ్బా మీద రెండూ రాస్తారు. ఇక ఆ పరీక్ష కొత్త డబ్బాకు, కన్నాలు వేయని స్థితిలో జరిగింది. మనం డ్రిల్లు పెట్టిన క్షణం నుంచి ఆ ముద్రకు మన చేతిపనే పూచీ.

సిలికా జెల్ తన బరువులో నాలుగో వంతు అటూ ఇటూగా తేమ పడుతుంది, ఆపైన నిండిపోతుంది. గాలి ఆడని డబ్బాకు మంచిదే. నీరు కారే డబ్బాలో వేస్తే తడిసిన పొట్లం ఒకటి అదనం.

పాతరేడియో | మంగళవారం, సాయంత్రం 6:40

నీటితొట్టి గారూ, కాళ్ల మధ్య నాచులా ఉందన్నారే, అది నాచు కాదు. లోహం. ఇంట్లోనే చూడవచ్చు, పిల్లలకు చూపిస్తే ఇంకా మంచిది. పాత బోర్డు మీద పక్కపక్కన ఉన్న రెండు రాగి గీతలకు 5 వోల్టులు ఇవ్వండి. మధ్యలో ఒక్క చుక్క కుళాయి నీరు వేసి భూతద్దం పెట్టండి. మొదట రుణ ధ్రువం దగ్గర సన్నని బుడగలు లేస్తాయి. కాసేపటికి ధన ధ్రువం అంచు మాసిపోతుంది. అక్కడ రాగి కరిగి నీటిలోకి దిగుతోంది. అది ఈదుకుంటూ వచ్చి రుణ ధ్రువం మీద పేరుకుంటుంది. పేరుకున్నది గడ్డలా కాక కొమ్మలా పెరుగుతుంది, ఎందుకంటే ముందుకు పొడుచుకు వచ్చిన మొన దగ్గరే విద్యుత్ క్షేత్రం ఎక్కువ. ఆ కొమ్మకు రెమ్మలు, రెమ్మలకు మళ్లీ రెమ్మలు. అవతలి గీతను తాకగానే అదే తీగ అయిపోతుంది. సందు బాగా సన్ననిదైతే నిమిషాల్లోనే జరిగిపోతుంది. సన్నని కొమ్మ అయితే కరెంటు పారగానే కాలి మాయమవుతుంది, మళ్లీ మొదలవుతుంది. రిపేరుకు తెస్తే బోర్డు బాగానే పనిచేస్తుంది, తీసుకెళ్లి పెడితే మళ్లీ పోతుంది అని జనం తిట్టుకునేది వీటిలో చాలా వరకు ఇదే.

దీనికి మూడూ కలవాలి: తేమ, ఉప్పులాంటి మురికి, వోల్టేజీ. శుద్ధమైన నీరు కరెంటును దాదాపు పోనివ్వదు. దాన్ని పోనిచ్చేలా చేసేది మన ఫ్లక్స్, మన వేలిముద్రలు, గాలిలోని దుమ్ము.

ఒక పాత సంగతి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో సప్లై మైనస్ 48 వోల్టులు. ధన ధ్రువాన్ని భూమికి కలిపి, లైన్లను భూమి కన్నా రుణంగా ఉంచారు. కేబుల్లో తడి చేరినా రాగి తీగ కరిగి పోకూడదని. నీటిని పూర్తిగా ఆపలేమని వాళ్లకు ముందే తెలుసు, అందుకే ఆ నష్టం తీగకు తగలకుండా చూసుకున్నారు.

చకచకా | మంగళవారం, రాత్రి 8:05

మాస్టారూ, పాఠం బాగుంది. కానీ ఎపాక్సీలో ముంచిన బోర్డులో ఈ కొమ్మలు ఎలా మొలుస్తాయి? నేను సంపులో పెట్టిన సెన్సర్ నాలుగేళ్లుగా నీళ్లలోనే ఉంది.

టంకంవాసన | మంగళవారం, రాత్రి 8:30

మీ సెన్సర్ సంపులో ఉంది, సంపు నీటి ఉష్ణోగ్రత ఏడాదంతా పెద్దగా మారదు. ఈయన డబ్బా రోజూ 35 డిగ్రీలు ఎక్కి దిగుతుంది. గట్టి ఎపాక్సీ, బోర్డు, దాని మీది భాగాలు ఒక్కో తీరుగా వ్యాకోచిస్తాయి. ఆ పీకులాటలో ముందు పగిలేవి సిరామిక్ కెపాసిటర్లు, ఆ తర్వాత టంకం అతుకులు. పెద్ద ముద్దగా కలిపితే ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తనంతట తనే బాగా వేడెక్కుతుంది, అది వేరే తంటా. పోయాలని పట్టుదల ఉంటే మెత్తగా ఉండే పాలీయురేతేన్ గానీ సిలికాన్ గానీ పోయండి. యురేతేన్ గట్టిపడే ద్రవంలో పీలిస్తే హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. గాలి ఆడే చోట, చేతి తొడుగులతో చేయాలి.

ఒకసారి నా దగ్గరకు నిలువునా పోత పోసిన పెట్టె వచ్చింది. కోసి చూస్తే పోత అంతా గాజులా ఉంది, ఒక్క బీట లేదు. బోర్డు మాత్రం తడిసి కుళ్లింది. నీళ్లు తీగలోంచి వచ్చాయి.

మిల్లీవోల్టు | మంగళవారం, రాత్రి 8:41

నీటితొట్టి గారూ, ఆ చివరి వాక్యం ఇంకోసారి చదవండి. మీ కడ్డీల కేబుల్ రెండో చివర ఎక్కడుంది?

నీటితొట్టి | మంగళవారం, రాత్రి 8:58

ట్యాంకు మూత కింద. కడ్డీలకు స్క్రూలతో బిగించి, పైన టేపు చుట్టాను. అంటే... రేపు పొద్దున చూసి చెబుతాను.

నీటితొట్టి | బుధవారం, ఉదయం 6:50

కరెంటు తీసేసి మేడ ఎక్కాను. కేబుల్‌ను డబ్బాకు జానెడు దూరంలో కత్తిరించి, ట్యాంకు వైపు ముక్కను కిందికి వంచాను. మొదట ఏమీ రాలేదు. పై తొడుగును రెండు వేళ్లతో పట్టి ట్యాంకు వైపు నుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చాను. చివర్న మెరిసింది. తర్వాత ఒక చుక్క. ఆ వెనుక ఇంకోటి. లోపలి మూడు తీగల్లో ఒకదాని తొడుగు ఒలిచి చూస్తే రాగి పోగులన్నీ నల్లబడి ఉన్నాయి. తడి ఎంత దూరం ఉందో చూద్దామని ఇంకో మూర ఒలిచాను. అక్కడా అంతే.

డబ్బాకు పూసిన సిలికాన్‌లో ఏ తప్పూ లేదు. నీళ్లు నేనే గొట్టం వేసి లోపలికి పంపాను.

టంకంవాసన | బుధవారం, ఉదయం 8:10

దొరికింది. ట్యాంకు మూత కింద ఎప్పుడూ ఆవిరి, తుంపర. సన్నని పోగుల మధ్య సందులు దీపం వత్తిలా నీటిని పీల్చుకుంటాయి. తొడుగుకూ లోపలి తీగలకూ మధ్య ఖాళీ వేరే గొట్టం. పై నుంచి కిందికి వాలు ఉండనే ఉంది. దానికి తోడు సాయంత్రం మీ డబ్బా మీటరు నీటి ఒత్తిడంత గుంజుతుంది. మీరు సందులన్నీ సిలికాన్‌తో మూసేశారు కాబట్టి దానికి పీల్చుకోవడానికి మిగిలిన ఏకైక దారి ఆ కేబుల్. సిలికాన్ ఎంత బాగా పూస్తే ఇక్కడ అంత చెడ్డ అయింది.

ఇక చేయవలసింది. కేబుల్‌ను కింది నుంచి దూర్చండి. దూరే ముందు డబ్బా కన్నా కిందికి ఒక వంపు వేలాడనివ్వండి, పైన జారే నీరు ఆ వంపు అడుగున చుక్కై రాలుతుంది. లోపలి నీటికి మాత్రం వంపు అడ్డం కాదు. దానికి దారి తెంచాలి. వంపు అడుగున తొడుగు విప్పి, ఒక్కో తీగలో రెండంగుళాలు ఒంటి పోగు గట్టి తీగను టంకంతో అతికి, టంకం పోగుల లోపలికి పూర్తిగా పట్టేలా చూడండి. పోగుల మధ్య ఖాళీ లేకపోతే నీటికి దారి లేదు. ఆ అతుకు డబ్బా బయటే ఉండాలి. వేడి చేస్తే కుదించుకుని బిగుసుకునే, లోపలి వైపు జిగురు ఉన్న గొట్టాలు ఒక్కో తీగకూ విడిగా తొడగండి. అన్నింటి మీద మళ్లీ పెద్ద గొట్టం వేసి మూసేయకండి, తొడుగులో దిగిన నీరు అక్కడ బయటకు రాలాలి.

డబ్బా అడుగున 5 మిల్లీమీటర్ల కన్నం ఒకటి వేయండి. ఐపీ ముద్ర పోతుంది, పోనివ్వండి. గాలి ఆ దారిన ఆడితే గుంజుడు ఉండదు, ఎటు నుంచైనా చుక్క వచ్చినా నిలవదు. కన్నానికి సన్నని జాలీ అంటించండి. లేకపోతే చీమలు రిలేలో కాపురం పెడతాయి, ఇది నా స్వానుభవం.

మిల్లీవోల్టు | బుధవారం, ఉదయం 8:45

కన్నం ఇష్టం లేకపోతే గాలి బిరడాలు ఉంటాయి. అందులోని పొర సాగదీసిన పీటీఎఫ్ఈ, అంటే టెఫ్లాన్ ప్లాస్టిక్. గాలి, ఆవిరి పోతాయి, చుక్క పోదు. ఆ పొర పుట్టుక సరదాగా ఉంటుంది. 1969లో బాబ్ గోర్ అనే అమెరికా ఇంజనీరు వేడిచేసిన పీటీఎఫ్ఈ కడ్డీలను మెల్లగా సాగదీస్తుంటే అన్నీ తెగిపోతున్నాయట. విసుగొచ్చి ఒకదాన్ని ఒక్క గుంజు గుంజితే తెగకుండా ఎన్నో రెట్లు సాగింది. లోపల అంతా సూక్ష్మ రంధ్రాలు.

సన్నతీగ | బుధవారం, మధ్యాహ్నం 12:20

ఆలస్యంగా చూశాను. బోర్డులకు పూత వేసే విభాగంలోనే నా ఉద్యోగం, కాబట్టి గోళ్ల రంగు దగ్గర ఊరుకోలేను.

ముందు మీ పొక్కుల సంగతి. పూత అనేది నీటి చుక్కను ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఏ ప్లాస్టిక్ పొరైనా ఆవిరిని ఎంతో కొంత పోనిస్తుంది. సిలికాన్ అయితే బాగా పోనిస్తుంది, అయినా బోర్డులను చక్కగా కాపాడుతుంది. ఎలాగంటే, పూత బోర్డును గట్టిగా కరుచుకుని ఉంటే ఆ రెంటి మధ్య నీరు పొరగా చేరడానికి చోటు ఉండదు. చోటు లేకపోతే పాతరేడియో గారి కొమ్మలు మొలవవు. కానీ పూత కింద ఫ్లక్స్ మిగిలితే? ఆవిరి లోపలికి వెళ్లి ఆ ఉప్పును కరిగిస్తుంది. కింద చిక్కటి ఉప్పు ద్రవం, పైన పలచటి నీరు, మధ్యలో మీ గోళ్ల రంగు. పలచటి వైపు నుంచి చిక్కటి వైపుకు ఇంకా ఇంకా నీరు పోయి పూతను పొక్కులా లేపుతుంది. మురికి మీద పూత వేయడం కన్నా వేయకపోవడం నయం, కనీసం ఎండకు ఆరుతుంది.

"కడగనక్కర్లేని" ఫ్లక్స్ మాట నిజమే, కానీ అది పూర్తిగా వేడెక్కినప్పుడు. యంత్రంలో బోర్డంతా ఒకే తీరున వేడెక్కుతుంది. చేత్తో సోల్డరింగ్ చేసేటప్పుడు అతుకు చుట్టూ పారిన ఫ్లక్స్‌కు ఆ వేడి తగలదు. అది ఆమ్లంగానే మిగిలి తేమను పీల్చుకుంటుంది. పూత వేయబోతుంటే ఏ ఫ్లక్స్ అయినా కడగాలి.

కడగడం అంటే దూదితో తుడవడం కాదు. తుడిస్తే మురికి పలచబడి బోర్డంతా పరుచుకుంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, పాత టూత్‌బ్రష్‌తో చిప్పుల కింది దాకా రుద్ది, బోర్డును ఏటవాలుగా పట్టుకుని కొత్త ఆల్కహాల్‌తో మురికిని కిందికి జార్చేయాలి. రెండుసార్లు. తర్వాత 60 నుంచి 80 డిగ్రీల మధ్య గంటా రెండు గంటలు ఆరబెట్టాలి. దగ్గర్లో మంట ఉండకూడదని వేరే చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత అంచులు పట్టుకునే ఎత్తండి, వేలు తగిలితే మళ్లీ మొదటికి.

పూత మీకు యాక్రిలిక్ చాలు. త్వరగా ఆరుతుంది, రేపు భాగం మార్చాలంటే ద్రావణితో తీసేయవచ్చు, టంకం కడ్డీతో దాని మీదే కాల్చి పని చేసుకోవచ్చు. యురేతేన్ రసాయనాలకు గట్టిది, తీయడానికీ అంతే గట్టిది. పారిలీన్ అన్నింటిలోకీ మేటి, శూన్యంలో ఆవిరిగా పట్టిస్తారు, చిప్పు కింది సందుల్లోకి కూడా వెళుతుంది. కానీ యంత్రం కావాలి, ఇంట్లో అయ్యే పని కాదు.

యాక్రిలిక్‌కు 30 నుంచి 130 మైక్రాన్ల మందం సరైనది. వెంట్రుక మందం అటూ ఇటూ. ఎక్కువ పూస్తే ఎక్కువ రక్షణ అనుకుంటారు, మందపు పూతే చీలుతుంది. స్ప్రే అయితే పలచగా ఒకసారి, ఆరాక బోర్డును పక్కకు తిప్పి అడ్డంగా ఇంకోసారి. తడి పూత చిప్పు కాళ్ల మొనల నుంచి జారిపోయి గుంటల్లో చేరుతుంది. మొనలే ప్రమాదం, అక్కడే పూత పలచన. అతినీల టార్చి వేసి చూడండి, చాలా పూతల్లో వెలిగే రంగు కలిపి ఉంటారు. నీలంగా వెలగని చోటల్లా బోర్డు బట్టలు లేకుండా ఉన్నట్టే.

నీటితొట్టి | బుధవారం, మధ్యాహ్నం 1:30

సన్నతీగ గారూ, ధన్యవాదాలు. పులుపు వాసన సంగతి ఎవరూ చెప్పలేదు.

సన్నతీగ | బుధవారం, మధ్యాహ్నం 1:42

ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది. ఆ రకం సిలికాన్ గట్టిపడుతూ ఆమ్లాన్ని వదులుతుంది. బయట గోడకు పూస్తే గాలిలో కలిసిపోతుంది. మూసిన డబ్బాలో పూస్తే రాగి మీద కూర్చుంటుంది. మీ టెర్మినళ్ల చిలుములో దాని వాటా ఉంది. బోర్డుల దగ్గర వాడాలంటే తటస్థంగా గట్టిపడేది, అందులోనూ ఆల్కాక్సీ రకం అడిగి తీసుకోండి. వాసన ముక్కును మండించదు.

కొత్తచిగురు | బుధవారం, సాయంత్రం 5:10

మరి తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టేస్తే? దాని పేరులోనే నీటిని తరిమేది అని ఉందట కదా.

పాతరేడియో | బుధవారం, సాయంత్రం 5:45

ఉంది. 1953లో నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన నీటిని తరిమే ద్రవం అని దాని అర్థం. తడిసిన బోర్డు మీది నీటిని పక్కకు నెట్టడానికి ఒకసారి పనికొస్తుంది. పూత కాదు. జిడ్డు మిగిలి దుమ్ము పడుతుంది, ఆ తర్వాత వేసే పూత అంటుకోదు.

నీటితొట్టి గారూ, మీ కడ్డీల సంగతి కూడా చూడండి. వాటికి ఎప్పుడూ 5 వోల్టులు ఇస్తున్నట్టయితే ధన కడ్డీ కరుగుతూ ఉంటుంది. చూసే క్షణంలో మాత్రమే వోల్టేజీ ఇచ్చి, ప్రతిసారీ ధ్రువాలు తారుమారు చేయండి. ప్రోగ్రాములో నాలుగు పంక్తులు.

కొత్తచిగురు | బుధవారం, సాయంత్రం 6:20

నాదీ ఒక అనుభవం చెప్పవచ్చా? నా గడియారం బోర్డు వాన రోజుల్లో ఆగిపోయి ఎండ రాగానే నడిచేది. ఎక్కడా చిలుము లేదు, నీరు లేదు. కారణం తెలియక పక్కన పెట్టేశాను.

మిల్లీవోల్టు | బుధవారం, సాయంత్రం 6:55

అందులో సమయం లెక్కించే 32.768 కిలోహెర్ట్జ్ స్ఫటికం ఉందా? దానితో నడిచే ఆసిలేటర్ చాలా కొద్ది కరెంటుతో ఊగుతుంది. దాని రెండు కాళ్ల మధ్య కొన్ని మెగాఓముల లీకేజీ చాలు, ఊపు ఆగిపోతుంది. కంటికి కనిపించని ఫ్లక్స్ పొర వాన రోజు తేమ పీల్చి ఆ పని చేస్తుంది. స్ఫటికం చుట్టూ ఆల్కహాల్‌తో కడిగి చూడండి.

కొత్తచిగురు | గురువారం, రాత్రి 9:30

కడిగాను. బాత్‌రూములో వేడి నీళ్లు వదిలి ఆవిరిలో అరగంట పెట్టాను. ఆగలేదు!

నీటితొట్టి | రెండు నెలల తర్వాత, ఆదివారం

వానలు బాగా పడ్డాయి కాబట్టి ఇప్పుడు చెప్పవచ్చు. కొత్త బోర్డు కడిగి, ఆరబెట్టి, యాక్రిలిక్ రెండు పూతలు వేసి, అతినీల టార్చితో చూశాను. మొదటి పూతలో రిలే వెనుక ఒక మూల అంతా చీకటి, స్ప్రే డబ్బీ నా చేతిలో ఏ కోణంలో ఉందో అప్పుడు అర్థమైంది. కేబుల్ కింది నుంచి తెచ్చాను, వంపు వేశాను, పోగులు తెంచి గట్టి తీగ అతికాను, అడుగున కన్నం, జాలీ. కడ్డీలకు ధ్రువాల మార్పు కూడా చేశాను.

నిన్న విప్పితే లోపల పొడి. పెద్ద వాన తర్వాత వంపు అడుగున చుక్క వేలాడుతూ కనిపిస్తుంది, చూడడానికి ముచ్చటగా ఉంది.

ఒక్క దెబ్బ తిన్నాను. మోటారును చేత్తో ఆన్ చేసే చిన్న బటన్ నొక్కితే పలకడం లేదు.

సన్నతీగ | ఆదివారం, మధ్యాహ్నం

దానికి టేపు అంటించకుండా స్ప్రే కొట్టారు కదూ? పూత బటన్ లోపలికి కారి పలకల మధ్య ఆరిపోయింది. బటన్లు, కనెక్టర్లు, తిప్పే రెసిస్టర్లు, మైకులు, తేమ సెన్సర్లు, సీలు లేని రిలేలు, వీటన్నింటినీ ముందే టేపుతో మూయాలి. చెప్పడం మరిచిపోయాను, తప్పు నాదే. ద్రావణితో కడిగినా ఆ బటన్‌ను నమ్మలేం, మార్చేయండి. మార్చాక అతుకు దగ్గర కడిగి, కుంచెతో పూత తాకించండి.

చకచకా | ఆదివారం, సాయంత్రం

ఎపాక్సీ పోసి ఉంటే బటన్ మార్చే అవకాశమే ఉండేది కాదని ఎవరూ అనకముందే నేనే అనేస్తున్నాను. సంపు సెన్సర్ కేబుల్ కూడా నిన్న కత్తిరించి చూశాను. పొడిగానే ఉంది. ఒంటి పోగు తీగ వాడానట, నాకే గుర్తులేదు.

నీటితొట్టి | ఆదివారం, రాత్రి

బటన్ మార్చాను, పలుకుతోంది. అప్పుడు కోసిన పాత కేబుల్ మూడు మీటర్ల ముక్క పారేయకుండా ఆ రోజు మేకుకు వేలాడదీశాను, కింద ఒక కాగితం పెట్టి. మొదటి రోజు ఏడు మచ్చలు. రెండో రోజు రెండు. మూడో రోజు పొద్దున ఎండ తగిలాక చూస్తే ఇంకొకటి, అప్పుడే పడింది, ఇంకా తడిగా ఉంది.